గట్టు కింది పైపు

మా రెండు బర్రెలు ఒకే పూట చచ్చిపోయాయి. ముందురోజు వాన పడింది. పొద్దున మేతకు వదిలితే పొలం పక్క కాలువలో నీళ్లు తాగాయి. మధ్యాహ్నానికల్లా నోట నురగలు కక్కుతూ కూలబడ్డాయి. వాటిని పెంచింది మా అత్త. ఆమె ఏడవలేదు. నా చేయి పట్టుకుని, పొలం వెనకున్న మందుల ఫ్యాక్టరీ గేటు దగ్గరికి లాక్కుపోయింది.

మేనేజరు బయటికి వచ్చాడు. "చూడమ్మా, మీ గేదెలు ఏం తిన్నాయో మాకెలా తెలుస్తుంది? మా నుంచి ఒక్క చుక్క కూడా బయటికి పోదు," అన్నాడు. మాట్లాడినంతసేపూ ఫోను చూసుకుంటూనే ఉన్నాడు.

అబద్ధమని నాకు తెలుసు. నా భర్త అందులోనే పనిచేసేవాడు. వాన పడినప్పుడల్లా లోపలి మురికినీళ్లను గోడ కింది పైపులోకి వదులుతారని, ఆ పైపు మా గట్టులోంచే కాలువలోకి తేలుతుందని ఆయనే చెప్పాడు. "ఎవ్వరికి చెప్పకు, నా నౌకరి పోతది," అని బతిమాలాడు కూడా. బర్రెలు చచ్చేదాకా నేనూ నోరు మూసుకునే ఉన్నాను. ఆ రాత్రి మాత్రం అత్తకు అంతా చెప్పేశాను.

ఆ వానాకాలంలోనే ఫ్యాక్టరీలో మొక్కలు నాటే కార్యక్రమం పెట్టారు. పట్నం నుంచి అధికారులు వస్తున్నారని, ఊరివాళ్లంతా రావాలని చెప్పి పంపారు. ఆ రోజు తెల్లారేసరికే వాన అందుకుంది. అత్త పార పట్టుకుని వాకిట్లో నిలబడింది.

"పా బిడ్డా. గట్టు మనది, మన్ను మనది. ఎవడడుగుతడో సూద్దాం."

మట్టి నింపిన సంచులు పైపు మూతిలో కుక్కాం. మీద రాళ్లు పేర్చాం. మళ్లీ మట్టి వేసి తొక్కాం. ఆ నీళ్లు తగిలి చేతులు మండిపోయాయి. తర్వాత స్నానాలు చేసి, మంచి చీరలు కట్టుకుని వెళ్లి షామియానా కింద ముందు వరుసలో కూర్చున్నాం.

మేనేజరు పచ్చదనం గురించి మాట్లాడుతుండగా పచ్చికలో మ్యాన్‌హోలు మూత కదిలింది. ఎర్రటి నీళ్లు బుడబుడమంటూ పైకి లేచి, అప్పుడే నాటిన మొక్కలను ముంచాయి. అధికారుల బూట్లు తడిశాయి. కంపుకు ఒకావిడ వాంతి చేసుకుంది. మేనేజరు ముఖం పాలిపోయింది. నేను దగ్గరికి వెళ్లి అందరూ వినేలా అన్నాను:

"ఇయ్యాల నిజంగనే ఒక్క చుక్క గూడ బయటికి పోలే, సారూ."

నా జీవితంలో అంత రుచిగల మాట మరొకటి అనలేదు.

ఫ్యాక్టరీ కొన్నాళ్లు మూతపడింది. అధికారులు ఆ పైపును సిమెంటుతో పూడ్పించారు. మేనేజరు వేరేచోటికి బదిలీ అయ్యాడు. బర్రెల గురించి ఒక్క మాట కూడా అనకుండానే పోయాడు. ఆ మంట నాకు ఇప్పటికీ ఉంది. పైపు మూసింది ఎవరో తెలిసి నా భర్తను పనిలోంచి తీసేశారు. ఇప్పుడు ఆయన రెండు ఆటోలు మారి పాశమైలారంలో వేరే ఫ్యాక్టరీకి పనికి పోతున్నాడు. చాలా రోజులు నాతో మాట్లాడలేదు. ఒక సాయంత్రం కాళ్లు కడుక్కుంటూ అడిగాడు.

"నీ పగ సల్లారిందా?"

"నీ నౌకరి పోయినందుకు బాధయితుంది," అన్నాను. "చేసినందుకు గాదు."

ఆయన తువ్వాలు అందుకుని లోపలికి వెళ్లాడు. నేను అన్నం వడ్డించాను.