పత్తి కాటా మీద కారు ఇరుసు

నాకు అక్షరాలు వచ్చేసరికి అరవై దాటాయి, అందుకే ఈ ముచ్చట ఇంత ఆలస్యం. పందొమ్మిది వందల యాభైలలో మా ఆయన ఆదోనిలో పత్తి వ్యాపారి. మా పాత కారు వెనక ఇరుసు విరిగితే కార్లు బాగుచేసే మేస్త్రి రెండు తెచ్చాడు, ఒకటి కారుది, ఇంకొకటి లారీది. ఆయన రెండింటినీ పత్తి కాటాలో తూచి, బరువైనదే మేలన్నారు.

"లారీది వద్దప్పా, దాని పళ్ళచక్రాలు బరువు లాగేదానికే, కారు ఉరకదు," అన్నాడు మేస్త్రి.

"తూకం సంగతి నాకే సెప్తాండావా!" అని ఆయన గదమాయించి లారీదే బిగింపించారు.

తెల్లవారుజామున నా చెల్లెలి పెళ్ళికి ఎమ్మిగనూరు బయలుదేరాం. కారు గొంతు చించుకుంటుందే గానీ ముందుకు పోదు. సైకిల్ మీద చీరల మూటతో పోతున్న నేతాయన మమ్మల్ని దాటుతూ, "ఏమప్పా, తోసేదా?" అన్నాడు. చేరేసరికి తాళి కట్టేశారు. ఇరుసు గట్టిదే, కాదనను. చెల్లెలి పెళ్ళే నేను చూడలేదు.

మరునాడు పొద్దున ఆయన కారు తుడుస్తుంటే, నేను చెప్పకుండా ఒక్కదాన్నే బస్సెక్కి ఆదోని వచ్చేశాను.