వదిన చంపని దొంగ

ఈ మధ్యాహ్నం నేనిచ్చిన ఒక తీర్పు ఇంకా నన్ను వదలడం లేదు.

ఆదివారాలు నరసరావుపేటలో మా మేడ మీద అన్నయ్య, వదిన, నేను పాచికలు వేస్తూ కథ నడిపే ఆట ఆడుకుంటాం. కథ నేను చెబుతాను, వాళ్ళు అందులో పాత్రలు. ఎవరైనా ధర్మం తప్పితే శిక్ష వేసేదీ నేనే. వదిన పాత్ర ఒక వీరనారి. దొంగల నాయకుణ్ణి చంపుతానని దేవత ముందు ఒట్టు పెట్టుకుంది. ఆ ఒట్టు వల్లే ఆమెకు శక్తులు వచ్చాయి. ఈ రోజు వాడు గుహలో నిద్రపోతూ దొరికాడు. వదిన ఎత్తిన కత్తిని ఒరలో పెట్టుకుని తిరిగి వచ్చేసింది. నేను క్షణం కూడా ఆలోచించకుండా "ఒట్టు తప్పావు, పిరికిదానివి" అని ఆమె శక్తులన్నీ తీసేశాను. అన్నయ్య పగలబడి నవ్వాడు.

ఆట అయిపోయి అన్నయ్య కిందికి వెళ్ళాక, వదిన పాచికలు డబ్బాలో వేస్తూ మెల్లగా అంది.

"వాడి పక్కన ఉయ్యాల్లో పసోడు ఉన్నాడని నువ్వే చెప్పావు గదే. ఆ పసోడి ముందర ఎట్టా నరికేది?"

నిజమే, చెప్పాను. గుహ మరీ బోసిగా ఉందని ఉయ్యాల పెట్టాను, వెంటనే మర్చిపోయాను. నా కథను నాకన్నా ఆమే ఎక్కువ నమ్మింది.

"తప్పు నాది వదినా. శక్తులు తిరిగి ఇచ్చేస్తా."

"ఏందే, పోతే పోనియ్. అయ్యి లేకుండానే ఆడతా. పిరికిదాన్నన్న మాట మాత్రం వెనక్కి తీసుకో."

తీసుకున్నాను. కానీ ఆ మాట అన్నది అన్నయ్య ముందు, వెనక్కి తీసుకున్నది ఎవరూ లేనప్పుడు. ఈ ఆటలో తీర్పు చెప్పేవాళ్ళే ధర్మం తప్పితే ఏ శిక్ష వేస్తారో, తెలిసినవాళ్ళు చెప్పండి.