టైపు పిన్ని కొట్లో కొత్త గొంతులు

వీధిలో అందరికీ ఆవిడ టైపు పిన్నే. అసలు పేరు బ్యాంకువాళ్ళకు తప్ప ఎవరికీ గుర్తులేదు. ఫొటో స్టూడియో పక్క మెట్లెక్కితే ముందుగదిలో ఆవిడ టైపు కొట్టు, వెనక గదుల్లో కాపురం. అద్దె ఒప్పందాలు, ఉద్యోగ దరఖాస్తులు, బడి ప్రశ్నపత్రాలు, పక్కింటివాళ్ళ మీద ఫిర్యాదులు. ఏది తెచ్చినా, చేతిరాత కోడి కెలికినట్టున్నా, ఆవిడ చదివేసి తప్పు లేకుండా కొట్టి ఇచ్చేది. వచ్చినవాళ్ళ యోగక్షేమాలు అడుగుతూ, మధ్యలో వంటింట్లో పాల గిన్నె మీద ఓ చెవి వేసి మరీ కొట్టేది. ఆ వేళ్ళు వేరే మనిషివేమో అనిపించేది చూసేవాళ్ళకు.

ఆ వేళ్ళే ఒకనాడు మొండికేశాయి. కీళ్ళ జబ్బు. పొద్దున్నే పిడికిలి విప్పాలంటే వేడినీళ్ళు కావలసి వచ్చింది. ఇక కీబోర్డు జోలికి వెళ్ళవద్దని డాక్టరు కచ్చితంగా చెప్పేశాడు. పిన్ని ఇంటికొచ్చి కంప్యూటరు మీద దుప్పటి కప్పేసింది. వచ్చిన బేరాలను గుమ్మంలోంచే పంపించేసింది.

కొట్టు మూతపడకుండా అడ్డుపడింది ఆవిడ తోటికోడలు. కంప్యూటర్లు బాగుచేసే దుకాణంలో పనిచేస్తుంది. ఒక సెలవురోజు వచ్చి ఆ దుప్పటి లాగి పారేసింది.

"అక్కా, చేతులు మొరాయించాయి సరే, నోటికేమైంది? అది బాగానే ఉందిగా!"

"నోటితో టైపు కొడతారా ఎక్కడైనా?"

"కొడతారు. కూర్చో, చూపిస్తా."

మాటతో కంప్యూటరును నడిపే సాఫ్ట్‌వేర్ ఒకటి అందులో వేసి, మైకు తగిలించింది. పిన్ని "ఫైలు తెరువు" అంటే తెరుచుకునేది. "రాయి" అని చెప్పి మాట్లాడితే రాసుకుపోయేది. పని కాగానే "తెరిచాను", "రాశాను" అని బదులు చెప్పేది. రాసింది చదివి వినిపించేది కూడా. మొదట్లో పిన్ని విసుక్కుని అరిస్తే దానికి ఒక్క ముక్కా ఎక్కేది కాదు. నిదానంగా, విడమర్చి చెబితే వెంటనే వినేది.

"నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఇప్పటికైనా నమ్ముతావా?" అన్నాడు పిన్ని మొగుడు. ఆయన కళ్ళద్దాల దుకాణంలో అద్దాలు అరగదీస్తాడు. ఎంత పొదుపరి అంటే, మాటలు కూడా దాచుకుంటాడు. ఆ రోజుకు ఆయన ఖర్చు అక్కడితో సరి.

అంతా బాగానే ఉందిగానీ, ఆ సాఫ్ట్‌వేర్‌తో వచ్చింది ఒకే ఒక్క గొంతు. వేరే ఏ భాష కోసమో చేసిన మగగొంతుకు తెలుగు బలవంతాన అంటించినట్టుండేది. ప్రశ్నకూ జవాబుకూ తేడా లేదు. ఏడుపైనా నవ్వైనా ఒకటే రాగం. పిన్ని దానికి గుమాస్తా అని పేరు పెట్టింది. దానికి 'ళ' పలకదు. ఎక్కడున్నా 'ల' అనే అంటుంది. ఆ లోపమే కొంప ముంచింది.

మొగుడి దుకాణం తలుపుకు అంటించడానికి పిన్ని ఒక ప్రకటన చెప్పి రాయించింది. గుమాస్తా చదివి వినిపించాడు. 'ల' అనడం వాడికి మామూలేగా అనుకుని, తెర వైపు చూడకుండానే అచ్చు వేసి పంపింది. మర్నాడు దుకాణం ముందు జనం మూగారు. తలుపు మీద పెద్ద అక్షరాలతో ఉంది: "ఇచ్చట కల్లు ఉచితంగా పరీక్షించబడును."

"పరీక్షించడానికి మేం రెడీ! కుండ ఎక్కడుంది?" అని ఒకాయన లోపలికి తొంగిచూశాడట. యజమాని కోప్పడ్డాడు. పిన్ని మొగుడు మాత్రం ఇంటికొచ్చి, చొక్కా విప్పకుండానే మంచం మీద కూర్చుని కళ్ళలో నీళ్ళు తిరిగేలా నవ్వాడు. పిన్నికి ఆ నవ్వు చూసి ఆనందించాలో, తల కొట్టుకోవాలో తెలియలేదు.

"ఈ గుమాస్తాని నమ్ముకుంటే వీధిలో తలెత్తుకోలేను" అని తోటికోడలికి ఫోన్ చేసింది.

"గొంతులు విడిగా దొరుకుతాయక్కా. ఎన్ని కావాలంటే అన్ని తెచ్చి పెట్టుకోవచ్చు" అంది ఆవిడ.

చెప్పినంత సులువుగా జరగలేదు. తోటికోడలు ఒక ఆడగొంతు తెచ్చి కంప్యూటర్లో పెట్టింది. పెట్టిందన్న మాటేగానీ, సాఫ్ట్‌వేర్ జాబితాలో గుమాస్తా ఒక్కడే కనిపిస్తున్నాడు. కొత్తకోడలు గుమ్మం దాకా వచ్చి లోపలికి రానని భీష్మించుకున్నట్టుంది వ్యవహారం. చాలాసేపు తంటాలు పడ్డాక సంగతి తేలింది. ఆ రకం గొంతు ఈ సాఫ్ట్‌వేర్‌కు సరిపడదు. సరిపడే రకం వెతికి, ఒక ఆడగొంతూ ఒక ముసలాయన గొంతూ వేసింది. అయినా కనిపించలేదు. సాఫ్ట్‌వేర్‌ను పూర్తిగా మూసి మళ్ళీ తెరిచాక, జాబితాలో గుమాస్తా కింద మరో రెండు పేర్లు వచ్చి కూర్చున్నాయి.

పిన్ని ముందుగా ఆడగొంతును ఎంచుకుని "కళ్ళు", "కల్లు" రెండూ అనిపించింది. తేడా గంట కొట్టినట్టు వినబడింది. మళ్ళీ అనిపించింది. వంటింట్లో కూర మాడుతున్న వాసన వచ్చేదాకా అనిపిస్తూనే ఉంది. ఆ గొంతుకు గడుసమ్మ అనీ, రెండోదానికి పెద్దాయన అనీ పేర్లు పెట్టేసింది.

సరిగ్గా అప్పుడే ఒక బస్సు డ్రైవరు నాటకం పట్టుకొచ్చాడు. డిపోలో వాళ్ళ సంఘం వార్షికోత్సవానికి వేస్తారట. ఒకే ఇంట్లో ఉంటూ మాట్లాడుకోని తండ్రీకొడుకుల కథ. పిన్ని మొత్తం చెప్పి రాయించాక, తప్పులు చూసుకోవడానికి రమ్మని కబురు పెట్టింది. డ్రైవరు భార్యను వెంటబెట్టుకుని వచ్చాడు. తోటికోడలూ వచ్చి కూర్చుంది. తండ్రి మాటలు పెద్దాయనకు, కొడుకువి గుమాస్తాకు, తల్లివి గడుసమ్మకు పంచి, చదవమంది పిన్ని.

పెద్దాయన ఒక పెద్ద ఉపన్యాసం ఇచ్చాడు. గడుసమ్మ "అలాగేనండి" అంది.

గుమాస్తా తన గోడంతా వెళ్ళబోసుకున్నాడు. గడుసమ్మ "అలాగేరా నాయనా" అంది.

పెద్దాయన మళ్ళీ ఉరిమాడు. "అలాగేనండి."

ఇంకోసారి. "అలాగేనండి."

తోటికోడలు కిసుక్కున నవ్వింది. డ్రైవరు భార్య నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. డ్రైవరు కుర్చీలో అటూ ఇటూ కదిలాడు. ఇంతలో కథ పాకాన పడింది. పెద్దాయన కొడుకు మీద మండిపడుతూ, "నువ్వు కట్టిన లెక్కలు నాకక్కర్లేదు! అంతా చెరిపెయ్యి!" అని గర్జించాడు.

"చెరిపేశాను" అన్నాడు గుమాస్తా, చల్లగా.

అది నాటకంలోని మాట కాదు. తెర మీద ఒక్క అక్షరం మిగల్లేదు. కంచే చేను మేసింది. పాత గుమాస్తా మాటలు కంప్యూటరుకే అర్థమయ్యేవి కాదు కాబట్టి ఇన్నాళ్ళూ ఈ ప్రమాదం రాలేదు. పెద్దాయన స్పష్టంగా పలికేసరికి, తెరిచి ఉన్న మైకు విని, ఇంటి యజమాని ఆజ్ఞే అనుకుంది.

డ్రైవరు మొహం తెల్లబోయింది. తోటికోడలు పడీ పడీ నవ్వుతోంది.

"మొగుడు కొట్టినందుకు కాదు, తోటికోడలు నవ్వినందుకు ఏడ్చిందట వెనకటికొకావిడ. నన్ను ఏడిపించకే తల్లీ" అని, పిన్ని గుండె దిటవు చేసుకుని మైకు ముందుకు వంగింది. "ఇప్పుడు చేసింది రద్దు చెయ్యి."

"రద్దు చేశాను."

నాటకం మొత్తం తిరిగొచ్చింది. డ్రైవరు ఊపిరి పీల్చుకున్న చప్పుడు అందరికీ వినబడింది.

"ఇక నుంచి ముందు ఏదో ఒక పిలుపుతో పిలిస్తేనే అది పని మొదలెట్టేలా పెడతానక్కా. ఏమని పిలుస్తావు?" అంది తోటికోడలు.

"'ఏమండీ' అని పెట్టు. అలవాటైన పిలుపు."

"బావగారు కూడా పలుకుతారేమో!"

"ఆయన పలికితే అంతకన్నా కావలసిందేముందే!"

నవ్వులు సద్దుమణిగాక డ్రైవరు మెల్లగా అన్నాడు. "ఏంటి, ఈ తల్లికి మాటలే లేవు?"

"ఇప్పుడు వినిపించిందా?" అంది భార్య. "కాగితం మీద చదివినప్పుడే అడిగాను. దానిది చిన్న పాత్రలే అన్నారు."

"రాసేటప్పుడు అలా అనిపించలేదు. విడిగా ఒక గొంతు పెట్టి వింటుంటే సిగ్గేస్తోంది." కాసేపు తల గోక్కున్నాడు. "సరే, ఆవిడ ఏమనాలంటావు?"

భార్య కుర్చీ కిటికీ వైపు జరుపుకుంది. కిటికీలోంచి వీధివైపు చూస్తూ కూర్చుంది. తర్వాత మొదలుపెట్టింది. మొదట తడుముకుంది, ఆపైన ధారగా చెప్పుకుపోయింది. ఆవిడ కూర్చున్నచోటు మైకుకు దూరం కాబట్టి, ఒక్కో మాటే అంటుంటే పిన్ని వల్లించి రాయించింది. "మీ ఇద్దరి మధ్యా మాటలు మోసి మోసి నా కాళ్ళు అరిగాయి. రేపటి నుంచి ఎవరి మాట వాళ్ళే మోసుకోండి." ఆ ముక్క గడుసమ్మ తిరిగి చదివినప్పుడు, వెనకగదిలో అద్దం తుడుచుకుంటున్న పిన్ని మొగుడు గుమ్మం దాకా వచ్చి నిలబడ్డాడు.

"బాగుంది" అన్నాడు.

డిపో హాల్లో ఆ మాట దగ్గర చప్పట్లు ఆగలేదు. తల్లి వేషం వేసిన డిపో టికెట్ కౌంటరు ఆవిడ అదే ముక్క మళ్ళీ చెప్పవలసి వచ్చింది. డ్రైవరు చివర్లో వేదిక ఎక్కి, తల్లి మాటలన్నీ తన భార్యవేనని చెప్పాడు. మూడో వరుసలో పిన్ని పక్కన కూర్చున్న డ్రైవరు భార్య, తల దించుకుని, పిన్ని చెయ్యి పట్టుకుంది. కీళ్ళు కలుక్కుమన్నా పిన్ని విడిపించుకోలేదు.

అప్పట్నుంచి టైపు కొట్టించుకోవడానికే కాదు, తాము రాసింది వినడానికి కూడా జనం రాసాగారు. ఒకాయన పైవాటా మనిషి మీద రెండు పేజీల ఫిర్యాదు చెప్పాడు. పెద్దాయన గొంతులో అది మొత్తం విన్నాడు.

"ఎవరండీ ఈ రంపపుకోత మనిషి?" అన్నాడు చిరాగ్గా.

"మీరేనండీ" అంది పిన్ని.

ఆయన పకపకా నవ్వాడు. అచ్చు వేయవద్దని చెప్పి, తనే వెళ్ళి మాట్లాడతానంటూ మెట్లు దిగిపోయాడు.

"ఇలాగైతే బేరాలన్నీ పోతాయక్కా" అని తోటికోడలు గోల పెట్టింది.

"పోనీలేవే. ఇవాళ కలిశారంటే, రేపు ఇద్దరూ కలిసి ఇంకెవరి మీదో తెస్తారు."

తెచ్చారు కూడా. ఇంటి యజమాని మీద, నాలుగు పేజీలు. గడుసమ్మ గొంతే కావాలన్నారు.