నిచ్చెన మీది కూలి

కాంక్రీటు మిక్సరు గడగడమని తిరగడం మొదలుపెడితే ఇప్పటికీ నా ఒళ్లు జల్లుమంటుంది. మొన్న జగిత్యాలలో స్లాబు పోయిస్తుంటే, తడి సిమెంటు వాసనకు లసుమక్క పక్కనే నిలబడి "ఏందే పిల్లా, నిలబడి నిద్రవోతున్నవా? తట్ట అందుకో!" అన్నట్టే అనిపించింది. ఇవాళ నేనే మేస్త్రీని. ఆడమనిషి మేస్త్రీ ఏమిటని ముక్కున వేలేసుకునేవాళ్లు ఇంకా ఉన్నారు, వేసుకోనివ్వండి. నన్ను ఇలా తయారుచేసింది బీర్పూర్ నుంచి వచ్చి కోరుట్లలో మా కూలి గుంపులో చేరిన లసుమక్క. ఆమె గొంతు పెద్దది, నవ్వు అంతకన్నా పెద్దది.

తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న రోజులవి. పని దిగగానే అందరం దీక్షా శిబిరానికి పోయి నినాదాలిచ్చేవాళ్లం. ఒకరోజు అక్కడ ఒక లాయరమ్మ, ఒకే పనికి ఆడామగా తేడా లేకుండా ఒకే కూలి ఇవ్వాలని చట్టం ఎప్పుడో వచ్చిందని చెప్పింది. మాకేమో మగవాళ్లకన్నా తక్కువ ఇచ్చేవారు. లసుమక్క నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. "విన్నవా పిల్లా? మన వాటా గూడ ఉన్నదటనే!"

మర్నాడు స్లాబు పని. సిమెంటు మాలు కలపకముందే ఆమె మేస్త్రీని నిలదీసింది.

"నడుమల ఆపితే ఇంటాయన స్లాబు ఖరాబైతది, గందుకే ముందే అడుగుతున్న. మాకు గూడ మగోళ్ల కూలే ఇయ్యాలె."

మేస్త్రీ నవ్వాడు. "చట్టం ఢిల్లీల ఉన్నది లసుమా, నిచ్చెన గీడ ఉన్నది. మగోళ్లు నిచ్చెనెక్కి మాలు అందిస్తరు, గందుకే ఎక్కువ కూలి."

"గట్లనా? అయితె ఇయ్యాల మేమే ఎక్కుతం!"

కొంగు బిగించి ఎక్కేసింది. వెనకే నేనూ ఎక్కాను. గుండెలో జాతర. కింద ఆడవాళ్లూ మగవాళ్లూ ఒకే వరుసలో తట్టలు అందిస్తున్నారు. భుజాలు ఊడిపోతున్నా ఆమె జోకులు ఆపలేదు. పొద్దు వాలేసరికి స్లాబు పూర్తయింది.

మేస్త్రీ మా ఇద్దరికి మాత్రం మగ కూలి ఇచ్చాడు. నేను గంతేయబోయాను. లసుమక్క తన కూలి తిరిగి అతని చేతిలోనే పెట్టింది.

"ఇయ్యాల నర్సన్న నిచ్చెన ఎక్కలే, కిందనే ఉన్నడు. ఆయనకు ఎక్కువ కూలి, పక్కపొంటే నిలబడ్డ రాజవ్వకు తక్కువ. ఇప్పుడు నీ నిచ్చెన ఏడవాయె? అందరికీ ఇయ్యి, లేకుంటె నాకద్దు."

రేపటి సిరిసిల్ల పనికి మేస్త్రీ మమ్మల్ని పిలవడేమోనని నాకు భయం పట్టుకుంది. శిబిరంలో అందరికన్నా గట్టిగా నినాదాలిచ్చే నర్సన్న తల గోక్కుంటూ ముందుకొచ్చి తన కూలి కూడా వాపసు ఇచ్చేశాడు. "మా వాటా మాకు గావాలని రోజూ ఒర్రుతున్నం. గీళ్ల వాటా ఇయ్యకుంటె రేపు సిరిసిల్లకు నేను గూడ రాను." మిగతా మగవాళ్లూ అతని పక్కకు జరిగారు. మేస్త్రీ గొణుక్కుంటూనే అందరికీ సమానంగా ఇచ్చాడు. ఆ సాయంత్రం మేమిచ్చిన నినాదాలకు శిబిరం దద్దరిల్లింది.

మొన్న జగిత్యాలలో, చందుర్తి నుంచి కొత్తగా వచ్చిన పిల్ల "అక్కా, ఆడోళ్లకెంత కూలి?" అని మెల్లగా అడిగింది. మాలు నింపిన తట్ట ఎత్తి ఆమె చేతిలో పెట్టాను.

"మగోళ్ల చేతికి గూడ గిదే తట్ట వోతది బిడ్డా. ఆళ్లకెంతనో నీకు గంతే!"

మిక్సరు చప్పుడును మించి నా గొంతు అచ్చం లసుమక్క గొంతులా వినిపించింది.