మీసం తీసిన నెల, సూది వేసిన నెల

పీణ్య పారిశ్రామికవాడలో లేత్ మిషన్ల షాపుకు సూపర్‌వైజరుగా ఉన్నప్పుడు నాకొక అలవాటు పట్టుకుంది. పీసు కొలత తప్పితే నేను మొదట అడిగే మాట, "చివరగా ఏం మార్చినారు?" టూలు మార్చి ఉంటే తప్పు టూలుదే. చాలాసార్లు నిజమయ్యేది కూడా.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో, మా చెల్లెలి కొడుక్కి మాటలు రాకపోతే చూపించాం, ఆటిజం అన్నారు డాక్టరు. నేను షాపు ప్రశ్నే వేశాను. చివరగా ఏం మారింది? తట్టు, గవదబిళ్లలు రాకుండా ఏడాది దాటాక వేసే సూది. ఇంకేం, దొంగ దొరికాడు! సూది పడేదాకా వాడు గడగడా మాట్లాడేవాడని కనబడిన వాళ్లందరికీ చెప్పాను. ముక్కూమొహం తెలియని వాళ్ల పెళ్లిలో, పెళ్లికొడుక్కి కూడా చెప్పాను.

చెల్లెలి రెండో బిడ్డ, పాపకు ఆ సూది వయసు రాగానే వద్దని అడ్డం పడ్డాను. ఆమె వాయిదా వేస్తూ వచ్చింది. ఇంతలో పక్క వీధిలో ఒక బిడ్డకు తట్టు పోసింది. చెల్లెలు కొంగు దోపుకుని నా ముందుకొచ్చింది.

"వాడికి సూదేసిన నెల్లోనే నువ్వు మీసం తీసేస్తివి కదన్నా?"

"అయితే?"

"నీ బోడిమూతి చూసే వాడికి మాట పడిపోయుండాది."

"మీసానికీ మాటకీ ఏం సంబంధమే?"

"సూదికుండే సంబంధమే! దీని వెనక అదొచ్చె, అంతే కదప్పా?"

పక్కనే మజ్జిగ తాగుతున్న మా బావకు అది ముక్కులోకెక్కింది.

"వాడి మొదటి పుట్టినరోజున, పిలిస్తే తిరగడం లేదు, పెద్ద ఆఫీసరప్పా వీడు అని నవ్వింది ఎవురు? అప్పటికి ఆ సూది పడనే లేదు," అంది చెల్లెలు.

నేనే. ఆ గడగడా మాటల్లో ఒక్కటి గుర్తు తెచ్చుకోబోయాను. ఒక్కటీ దొరకలేదు. పిల్లలు మాటలు నేర్చే వయసులోనే ఆ సూది పడుతుందనీ, తేడా తెలిసేదీ అప్పుడేననీ డాక్టరు ముందే చెప్పారు. నేను చెవిన వేసుకుంటేగా.

"నా కొడుకు నీ షాపులో రిజెక్ట్ పీసు కాదన్నా," అంది చెల్లెలు, ఈసారి నవ్వకుండా.

సూది వేయించడానికి ఆస్పత్రికి పోతే, పాపను నా ఒళ్లోనే కూర్చోబెట్టింది చెల్లెలు. సూది గుచ్చగానే పాపకంటే ముందు నేను అరిచాను. "మీకు కాదు సార్," అంది నర్సు. పాప తీరిగ్గా నా ప్యాంటు తడిపింది.

"సూది వల్లే ఉచ్చ పోసిందని చెప్పు, చూద్దాం," అంది చెల్లెలు.

తడి ప్యాంటుతోనే, పాపను భుజానేసుకుని నడిచాను.