పక్క ఆకు

మా మాస్టారు పోయారని ఆయన భార్య ఫోన్ చేసి చెప్పారు. ఆఫీసుకు బయలుదేరుతూ అప్పుడే చెప్పుల్లో కాలు పెడుతున్నాను. "పొద్దున్నే కాఫీ తాగి, గ్లాసు నా చేతికిచ్చి, అలాగే ఒరిగిపోయారమ్మా" అన్నారావిడ. ఆవిడ ఏడవలేదు, నేనే ఏడ్చాను. తేరుకుని చూసుకుంటే ఒంటి చెప్పుతో గుమ్మంలో కూర్చుని ఉన్నాను.

రాజమండ్రిలో పాలిటెక్నిక్ చదివినప్పుడు ఆయన మాకు సి లాంగ్వేజ్ చెప్పారు. ఎవరు ప్రోగ్రాం రాసి చూపించినా మొదట అడిగేది ఒకటే. "బాగానే బయల్దేరింది. ఎక్కడ ఆగుద్ది?" జవాబు చెప్పలేకపోతే కంప్యూటర్ దగ్గరికి వెళ్ళనిచ్చేవారు కాదు. విసుగెత్తి ఆయనకి 'స్టాప్ గారు' అని పేరు పెట్టాం. ఆ సంగతి ఆయనకి తెలుసు. "ఆయ్, స్టాప్ గారు వచ్చారండి" అంటూ ఆయనే క్లాసులోకి వచ్చేవారు.

కంప్యూటర్ మెమరీ పాఠం రోజున మమ్మల్ని ల్యాబ్ వరండాలో బంతిగా కూర్చోబెట్టి, అరిటాకులు వేయించి, ఇంటి నుంచి తెచ్చిన పులిహోర వడ్డించారు. నా పక్కన కూర్చున్నవాడు మంచి తిండిపుష్టి గల మనిషి. వాణ్ణి కళ్ళు మూసుకుని తినమన్నారు. వాడు తన ఆకు ఖాళీ చేసి, చెయ్యి ఆపకుండా నా ఆకులోకి వచ్చేశాడు. నేను ఆ చేతి మీద ఒక్కటిచ్చాను. అందరూ నవ్వుతుంటే మాస్టారు అందుకున్నారు. "కంప్యూటర్‌కి కళ్ళుండవు. మెమరీలో పక్క ఆకు నీలాగా చేతిమీద కొట్టదు కూడానమ్మా. ఆకు ఎక్కడ అయిపోయిందో మనమే చెప్పాలి."

"పక్క ఆకు ఖాళీగా ఉంటేనో, మాస్టారూ?" అన్నాడు మావాడు, ఇంకా కళ్ళు తెరవకుండానే.

"ఖాళీగా ఉన్నా నీది కాదురా."

ఆయనకి భోజనాల దగ్గర ఒక అలవాటుండేది. మంచినీళ్ళ గ్లాసు తన ఆకుకీ పక్క ఆకుకీ మధ్య పెట్టుకునేవారు. ఇదేంటండీ అంటే, "ఇక్కడితో నాది అయిపోయిందని నాకే గుర్తు" అనేవారు. పెళ్ళిళ్ళలో ఆ గ్లాసు తన్నేసి వడ్డించేవాళ్ళు ఆయన్ని తిట్టుకోవడం నేను చెవులారా విన్నాను.

ఇప్పుడు నేను రాజమండ్రిలోనే ఒక చిన్న కంపెనీలో పని చేస్తున్నాను. ఒక ఆస్పత్రి డేటాబేస్ మేమే చూస్తాం. పోయినేడాది అక్కడి కౌంటర్లో ఒక పెద్దావిడ తన చీటీ పట్టుకుని బిక్కచచ్చిపోయి నిలబడిందట. అడ్రసు చివర ఎవరిదో జబ్బు పేరు ముక్క అచ్చయింది. "నాకీ జబ్బుందని ఎవరూ చెప్పలేదేంటండీ?" అందట. ఆ జబ్బు వేరెవరిదో. వాళ్ళ గుట్టు ఈవిడ చేతిలో, వాళ్ళ భయం ఈవిడ గుండెలో.

"ప్రింటులో చివర కత్తిరించేద్దామండి, ఎవరికీ కనపడదు" అన్నారు మా మేనేజరు. నాకు మనసొప్పలేదు. లాప్‌టాప్ పట్టుకుని మాస్టారింటికి వెళ్ళాను. అప్పటికే గుండె ఆపరేషనై ఆయన ఇంట్లోనే ఉంటున్నారు. కళ్ళజోడు లుంగీ కొసతో తుడుచుకుని, అంతా విని, "కత్తిరిస్తే కనపడదు, అంతేగా? చెయ్యి మాత్రం పక్క ఆకులోనే ఉంటుంది" అన్నారు.

మేము వాడే డేటాబేస్ కోడ్ ఎవరైనా చూడొచ్చు, తప్పుంటే దిద్ది పంపొచ్చు. అందులో అడ్రసు నుంచి ఇన్ని అక్షరాలు అని తీసిచ్చే ఫంక్షన్ అనే కోడ్ ముక్క తెరిచి చూపించాను. ఆయన తెరమీద వేలు పెట్టి, "ఎక్కడ ఆగుద్ది?" అన్నారు.

చెప్పడం మొదలుపెట్టాను. తెలుగు అక్షరానికి మెమరీలో మూడు గళ్ళు కావాలి. అడ్రసు మరీ పొడుగైతే ఆస్పత్రి పాత సాఫ్ట్‌వేర్ చివరి అక్షరాన్ని సగంలో తెంపేస్తోంది. ఈ ఫంక్షనేమో మొదటి గడి చూసి, మూడూ ఉన్నాయని నమ్మి, ఒక్క గెంతులో చివర దాటేస్తోంది. సరిగ్గా చివరి గడి మీద కాలు పడితేనే ఆగాలని దానికి రాసి ఉంది. దాటేశాక ఇక ఆ గడి తగలదు. అడిగినన్ని అక్షరాలు పూర్తయ్యేదాకా పక్కవాళ్ళ మెమరీ చదువుకుంటూ పోవడమే. చెబుతూ చెబుతూనే తప్పు నాకే దొరికిపోయింది. మాస్టారు నవ్వారు. ఆయన చెప్పలేదు, అడిగారంతే. ఉద్యోగంలో నాకు వచ్చిన మంచి పేరంతా ఆ ఒక్క ప్రశ్న పెట్టిన భిక్షే.

గెంతే ముందు అన్ని గళ్ళు మిగిలాయో లేదో చూడు, లేకపోతే ఆగిపో అని రెండు లైన్లు చేర్చాను. తెగిన అక్షరం ఇచ్చి సరిచూసే చిన్న ప్రోగ్రాం కూడా రాసి, ఆ డేటాబేస్ తయారుచేసేవాళ్ళకి పంపాను. వాళ్ళు ఒప్పుకుని తమ కోడ్‌లో కలుపుకున్నారు. ఆ కబురు చెబితే మాస్టారు చిన్నపిల్లాడిలా సంబరపడి పులిహోర కలపమని ఇంట్లో పురమాయించారు. అంతలోనే, "అమ్మాయ్, ఆ పెద్దావిడకి ఎవరైనా చెప్పారా, ఆ జబ్బు నీది కాదని?" అన్నారు.

ఎవరూ చెప్పలేదు. మాకెవరికీ తట్టనే లేదు. అప్పటికప్పుడు ఆస్పత్రి వాళ్ళని కదిపి, డాక్టరు గారి చేతే ఆవిడకి ఫోన్ చేయించాను. తర్వాత ఆవిడ నాతో మాట్లాడింది. "ఇయ్యాల అన్నం తింటానమ్మా" అంది. మాస్టారు లేకపోతే ఆ మాట నేను వినేదాన్ని కాదు.

పెద్దకార్యం నాడు మాస్టారింటి ముందు షామియానా కింద బంతి వేశారు. నాది చివరి ఆకు అనుకుంటే, వడ్డించేవాళ్ళు నా పక్కన ఇంకో ఆకు వేసి, "ఇక్కడెవరైనా వస్తారాండి?" అని అడిగారు. ఎవరూ రాలేదు, ఆ ఆకులో ఏమీ వడ్డించలేదు. మంచినీళ్ళ గ్లాసు తీసి రెండాకుల మధ్యా పెట్టుకుని, అన్నం కలుపుకున్నాను.