కూతతోపాటు పోయిన దరువు

కరోనా సద్దుమణిగాక వచ్చిన రెండో ఏడు, మే నెల. సముద్రంలో వేట నిషేధం నడుస్తోంది. కొత్తవలస స్టేషన్‌కి వెళ్ళే రోడ్డులో నాదొక మోటార్ రీవైండింగ్ షాపు. కాలిపోయిన ఫ్యాన్లు, మిక్సీలు, పొలాల మోటార్లు వస్తాయి. లోపలి పాత రాగితీగ కోసి తీసేసి, కొత్త తీగ చుట్టి పంపిస్తాను. నాన్న పెట్టిన షాపు, నాన్న నేర్పిన పని. అన్నం పెట్టేది అదే. నేను చెప్పబోయేది మాత్రం అన్నం పెట్టని పని గురించి.

ఆ పిచ్చి నాకు అంటించింది విజయనగరంలో ఇంజినీరింగ్ చదివే ఒక అమ్మాయి. తన ఎలక్ట్రిక్ గిటార్‌లోంచి ఊడదీసిన చిన్న ముక్క ఒకటి కాగితంలో చుట్టి తెచ్చి, "అంకుల్, ఇది చుట్టగలరా?" అంది. దాన్ని పికప్ అంటారట. గిటార్ తీగల కింద ఒక అయస్కాంతం, దాని చుట్టూ తలవెంట్రుక కన్నా సన్నటి రాగితీగ, కొన్ని వేల చుట్లు. పైన ఇనుప తీగ కదిలితే కింద చుట్టలో కరెంటు పుడుతుంది. ఆంప్లిఫయర్ దాన్ని పెద్దది చేసి స్పీకర్‌కి పంపుతుంది. అంటే ఇదీ మా మోటార్ల చుట్టమే, కాకపోతే తిరగదు. ఆ వారం నాకు వేరే పని మీద మనసు నిలవలేదు.

పాత కుట్టుమిషను మోటారుతో చిన్న చుట్టుడు యంత్రం కట్టాను. చుట్లు లెక్కపెట్టడానికి ఒక క్యాలిక్యులేటర్ బిగించాను. చక్రం ఒకసారి తిరిగితే దాని అంకె ఒకటి పెరుగుతుంది. తర్వాత పెడళ్ళ మీద పడ్డాను. పెడల్ అంటే గిటార్‌కీ స్పీకర్‌కీ మధ్య నేల మీద పెట్టుకునే డబ్బా. కాలితో నొక్కితే ధ్వని మారుతుంది, గరగరలాడుతుంది, మారుమోగుతుంది. ఇంటర్నెట్‌లో బొమ్మలు చూసి స్విచ్చుబోర్డు ఇనుప పెట్టెల్లో నాలుగైదు కట్టాను. ఆదివారాలు మా ఆవిడ "షాపులో ఏటి అరుస్తన్నాది?" అని గుమ్మంలోంచి కేకేసేది. గిటార్ వాయించడం మాత్రం నాకు ఈనాటికీ రాదు.

ఆ మే నెలలో నూకరాజు, అతని భార్య గౌరమ్మ వచ్చారు. పూసపాటిరేగ అవతల సముద్రపొడ్డు ఊరు వాళ్ళది. అతను వేటకెళ్తాడు, ఆమె విజయనగరం మార్కెట్లో చేపలమ్ముతుంది. పెళ్ళిళ్ళకీ అమ్మవారి పండగలకీ ఇద్దరూ కలిసి పాటల ప్రోగ్రాములిస్తారు. ఆమె పాడుతుంది, అతను వాయిస్తాడు. మామూలు చెక్క గిటారు, దాని గుండ్రటి రంధ్రంలో ఎవరో ఎప్పుడో బిగించిన పికప్ ఉంది.

"మేస్త్రీగోరూ, ఇది కూస్తంది," అన్నాడు నూకరాజు. "స్పీకరు దగ్గిరికెల్తే సాలు, కుయ్యిమంటాది. జనం సెవులు మూసుకుంతన్నారు."

దీన్ని ఫీడ్‌బ్యాక్ అంటారు. స్పీకర్‌లోంచి వచ్చిన శబ్దాన్నే పికప్ మళ్ళీ పట్టుకుని స్పీకర్‌కి పంపుతుంది. అది అక్కడ ఇంకా పెద్దదై మళ్ళీ వస్తుంది. అలా తిరిగి తిరిగి చివరికి కూతవుతుంది. విప్పి చూస్తే పికప్ చుట్ట వదులుగా, ఎండిపోయి ఉంది. ఉప్పుగాలికి తీగ అక్కడక్కడా పచ్చబడింది. మీటరు పెడితే ముల్లు ఒకసారి కదిలింది, ఒకసారి కదల్లేదు. మార్చక తప్పదని చెప్పాను.

"శనివారానికి కావాలి," అంది గౌరమ్మ. "పాతపట్నంలో పోగ్రామ్ ఉన్నాది." ఆరోజు సోమవారం.

పాత తీగ బ్లేడుతో కోసేశాను. యంత్రం మీద బిగువుగా, వరస తప్పకుండా కొత్తది చుట్టాను. తర్వాత మా షాపులో ప్రతి చుట్టకీ చేసేదే దీనికీ చేశాను. వార్నిష్‌లో ముంచి, రేకుల కప్పు మీద ఒక పూట ఎండబెట్టాను. మోటారు అదురుతుంది కదా, లోపలి చుట్లు కదిలి ఒకదాన్నొకటి రాసుకుంటే పైపూత పోయి మళ్ళీ కాలిపోతుంది. వార్నిష్ చుట్లన్నిటినీ కలిపి రాయిలా బిగిస్తుంది. వార్నిష్ పడని చుట్ట గుమ్మం దాటకూడదన్నది నాన్న పెట్టిన నియమం. ముప్పై ఏళ్ళలో నేనెప్పుడూ దాటించలేదు.

బుధవారం నూకరాజు వచ్చాడు. గిటార్ని స్పీకర్‌కి ఆనించి మరీ తీగలు నేనే మీటి చూపించాను. కూత లేదు. మంచినీళ్ళలాంటి శబ్దం. అతను మొహమాటస్తుడు, "బాగుందండీ" అని దండం పెట్టి బస్సెక్కేశాడు. ఆ సాయంత్రమంతా నేను గాల్లో తేలాను.

గురువారం షట్టరు తీసేసరికి మెట్టు మీద గౌరమ్మ కూర్చుని ఉంది. ఒళ్ళో గిటారు.

"కూత పోనాది మేస్త్రీగోరూ. దాంతోపాటు మా దరువూ పోనాది. ఏటి సేసినారు?"

"దరువేటమ్మా? మీరు తెచ్చింది గిటారు కదా?"

ఆమె లేచింది. లోపలికొచ్చి, వైరు తనే స్పీకర్‌కి తగిలించి, గిటార్ పొట్ట మీద అరచేత్తో ఒక్కటేసింది. తర్వాత అంచు మీద వేళ్ళతో టకటక కొట్టింది. స్పీకర్‌లోంచి ఏమీ రాలేదు.

"రాకూడదమ్మా," అన్నాను కొంచెం గర్వంగానే. "పికప్ తీగలనే వినాలి. చెక్కని వినకూడదు. ఇన్నాళ్ళూ అది పాడైపోయి వింది."

"పాడైపోయో బాగుపడో నాకు తెలీదు. అది ఇనేది. దాంతోనే నాను పాడేదాన్ని."

అప్పుడు కూర్చుని మొత్తం చెప్పింది. మొదట్లో వాళ్ళు ముగ్గురట. ఆమె తమ్ముడు డోలక్ వాయించేవాడు. ఆ ఒడ్డు కుర్రాళ్ళు చాలామంది గుజరాత్‌లోని వీరావల్ రేవుకి వెళ్ళి, ఎనిమిదేసి నెలలు అక్కడి బోట్ల మీద పని చేస్తారు. తమ్ముడు కూడా వెళ్ళిపోయాడు. డోలక్ లేని లోటుకి నూకరాజు కుడిచేత్తో తీగ మీటుతూనే అదే అరచేత్తో గిటార్ పొట్ట మీద దరువెయ్యడం మొదలుపెట్టాడు. ఆ దెబ్బలు స్పీకర్‌లోంచి డోలక్ మోగినట్టే వచ్చేవి. ఎందుకొస్తున్నాయో వాళ్ళూ అడగలేదు, వస్తున్నాయి కాబట్టి వాయించుకున్నారు.

"పాతపట్నంలో పెళ్ళిళ్ళ పోగ్రాములు పట్టీ మేనేజరు మమ్మల్ని సూడ్డానికే పిలిసినాడు. నచ్చితే శ్రావణం నించీ ముహూర్తాలన్నిటికీ మమ్మల్నే పెట్టుకుంతానన్నాడు. నచ్చకపోతే మా మావ ఆగస్టులో వీరావల్ ఎలిపోతాడు. బోటు నడిపీ సరంగు అప్పుడే రెండుసార్లు అడిగీసినాడు." గిటారు ఒళ్ళోకి లాక్కుని అంది, "ఇంట్లోంచి ఒకడెల్లినాడు, సాలదేటి?"

నా పనితనం చూపించుకున్నందుకు నూకరాజు ఎనిమిది నెలలు పరాయి సముద్రం మీదకి పోబోతున్నాడు. పాత చుట్ట తిరిగి పెడదామంటే అది ముక్కలుముక్కలై రాగి చెత్త డబ్బాలో ఉంది.

ముందు అసలు సంగతి తెలుసుకోవాలనిపించింది. ఇంజినీరింగ్ అమ్మాయి వదిలేసి వెళ్ళిన పాత పికప్ ఒకటి నా సొరుగులో ఉంది. వార్నిష్ లేనిది, వదులుది. దాన్ని స్పీకర్‌కి కలిపి గోటితో తట్టాను. 'టక్' మని వచ్చింది. నోటి దగ్గర పెట్టుకుని "ఒరే" అన్నాను. స్పీకర్ కూడా సన్నగా "ఒరే" అంది. గౌరమ్మ నవ్వేసింది. వదులు చుట్ట అదురుతుంది, అయస్కాంతం పక్కన రాగి అదిరితే అక్కడా కరెంటు పుడుతుంది. ఇలాంటి పికప్‌ని మైక్రోఫోనిక్ అంటారు, మైకులా వింటుందని. పుస్తకాలు దీన్ని లోపమంటాయి. నేనూ పుస్తకాల పక్షానే ఉన్నాను. ఆ లోపంలోంచే నూకరాజు దరువు పుట్టింది, ఆ లోపంలోంచే కూతా పుట్టింది. నేను రెండింటినీ ఒకే డబ్బా వార్నిష్‌లో ముంచేశాను.

మొదట సులువైన దారి చూశాను. అలారం గడియారంలో ఉండే పలచటి బిళ్ళ ఒకటి తీసి గిటార్ లోపల అతికించాను. అది దెబ్బని పట్టుకుని స్పీకర్‌కి పంపుతుంది. గౌరమ్మ చెయ్యేసి చూసి తల అడ్డంగా ఊపింది. "ఎవరో వచ్చి తలుపు కొడతన్నట్టు ఉన్నాది."

ఇక మిగిలింది ఒకటే దారి, కొత్త పికప్ చుట్టడం. యంత్రం ఆపేసి చేత్తో మొదలుపెట్టాను. అంత సన్నటి తీగని చేత్తో, అదీ వదులుగా చుట్టడం నాకెవరూ నేర్పలేదు. వేళ్ళు వాటంతట అవే బిగించేస్తున్నాయి. మొదటిది సగంలో తెగింది. రెండోది పూర్తయ్యాక గౌరమ్మ కొట్టి చూసి, "ఉన్నాది గానీ పొడిగా ఉన్నాది. గొంతు నేదు," అంది. మీటరులో రీడింగ్ సరిగ్గానే ఉంది, ఆమె చెవికే సరిగ్గా లేదు. ఎండుచేపల బేరం వదులుకుని శుక్రవారం కూడా వచ్చి నా బల్ల పక్కన స్టూలు మీద కూర్చుంది. మూడోది చుడుతుంటే నా చేతులకేసే చూస్తూ, "వల అల్లినప్పుడు అంత బిగదీస్తే నీల్లు ఎలగ పోతాయి? వదిలీ, వదిలీ," అంది. ఆమె చెప్పినట్టే వేళ్ళు వదిలేశాను.

మూడోదాన్ని బిగించి, గిటారు ఆమె చేతికిచ్చాను. కొట్టింది. 'దుబ్' మని స్పీకర్ ముందున్న నా చొక్కా కదిలింది. ఆమె కళ్ళు మూసుకుని చిన్నగా ఒక పల్లవి ఎత్తుకుంది, ఆగకుండా చివరిదాకా పాడింది. నేను స్క్రూడ్రైవర్ పట్టుకుని అలాగే నిలబడిపోయాను. నాకు చాలా సంతోషమేసింది.

దరువుతోపాటు కూత కూడా తిరిగొచ్చింది. దానికి పెడల్ కట్టాను. కూత సన్నటి ఎత్తు గొంతు, దరువు లావు గొంతు. రెండూ దూరంగా ఉన్నాయి కాబట్టి ఆ సన్న గొంతు ఒక్కదాన్నే నొక్కిపట్టే డబ్బా చాలు. ఒక కాలి మీట, ఒక బిరడా. కూత వచ్చినప్పుడు మీట నొక్కి, ఆగేదాకా బిరడా తిప్పాలి. పికప్‌కి వార్నిష్ వెయ్యలేదు. శనివారం పొద్దున అది గుమ్మం దాటుతుంటే గోడ మీది నాన్న ఫొటో వైపు చూడ్డానికి నాకు కొంచెం ఇబ్బందిగానే అనిపించింది.

డబ్బా మీద నమ్మకం లేక వాళ్ళతోపాటు నేనూ పాతపట్నం బస్సెక్కాను. సాయంత్రం పెళ్ళివారి పందిరిలో ప్రోగ్రాం. మొదటి పాటలోనే స్పీకర్ 'కుయ్' అంది. మేనేజరు తలెత్తాడు. నూకరాజు కాలు మీట మీద పడింది, వంగి ఎడమచేత్తో బిరడా అర చుట్టు తిప్పాడు, కూత తెగిపోయింది. అరచెయ్యి మాత్రం ఆగలేదు, దరువు నడుస్తూనే ఉంది. గౌరమ్మ అతనికేసి చూడకుండానే ఆ దరువు మీద చరణంలోకి దిగింది. ముందు వరసలో కూర్చున్న మేనేజరు బూటు నేల మీద తాళం వెయ్యడం చూశాను. నాలుగో పాటకి అతను లేచి, స్పీకర్ పక్కన నిలబడ్డ నా దగ్గరికొచ్చి, "డోలక్ ఎవులు వాయిస్తన్నారు? కనపడ్డం నేదు?" అని నన్నడిగాడు. నేను నూకరాజు చెయ్యి చూపించాను.

ఆగస్టులో ఒకరోజు గౌరమ్మ షాపుకొచ్చింది. చేపల గంప దించి, ఆకులో కట్టిన రెండు చేపలు బల్ల మీద పెట్టింది. "బోటు నిన్న ఎలిపోనాది," అంది.

"నూకరాజు?"

"ఇంటికాడే ఉన్నాడు. సరంగుకి రానని సెప్పీసినాడు."

నేను వార్నిష్‌లో ముంచిన ఆ పికప్ ఇప్పటికీ షాపులో మేకుకి వేలాడుతోంది. స్పీకర్‌కి కలిపి తట్టినా ఏ శబ్దమూ రాదు. పనిలో ఏ తప్పూ లేదు, ఏ మేస్త్రీ చూసినా మెచ్చుకుంటాడు. నా తప్పంతా ఆ సోమ, బుధవారాల్లోనే జరిగింది. నూకరాజు గిటారు నూకరాజు చేతికివ్వకుండా, వాయించడం రాని నేను వాయించి చూపించాను. సోమవారం నాడే ఒక పాట వాయించమని అడిగుంటే చెయ్యి ఎక్కడ పడుతోందో కనిపించేది.

మొన్న ఒక రైతు పొలం మోటారు ఆటోలో వేసుకుని తెచ్చాడు. కాలలేదట, కానీ శబ్దం మారిందట. విప్పమన్నాడు. నేను విప్పకుండా అడిగాను, "బాగున్నప్పుడు ఎలా మోగేది?"

ఆయన నాకేసి వింతగా చూశాడు. తర్వాత అటూ ఇటూ చూసి, ఎవరూ లేరని తెలుసుకున్నాక, కళ్ళు మూసుకుని నోటితో ఆ మోటారు మోగించి చూపించాడు. పూర్తిగా విన్నాక స్పానర్ తీశాను.